చారల అనాస

అనాసను ఫలాపేక్షతో కాక పత్రశోభకై పెంచు ఆచారము తెలుగుసీమలో ప్రబలినది కాదు. సీతంపేట కొండవాలులయందు సవరలును జాతాపులును వేయు అనాస పండుకొఱకే. ఆ పండ్లు సంతకు దిగు దినములలో వీథివీథిని వ్యాపించు పరిమళము నెఱిగినవారికి, అదే మొక్కను ఒక కుండీలో నిలిపి, అది కాచినను కాయకున్నను దాని ఆకునే చూచుచు సంవత్సరములు గడపుట అర్థరహితముగ తోపవచ్చును. నేనట్లు గడపువాడను. టెక్సాసు రాష్ట్రమున డాలసు మహానగరమునకు ఉత్తరభాగమున నా నివాసము. శీతకాలమున ఇంటి దక్షిణపు కిటికీల కడ, తక్కిన కాలమున పెరటి వసారాలో, చారల అనాస కుండీలు కొన్ని నా సంరక్షణలో నున్నవి. దాని ఆకు నిడుపై, కొన దేలి, రెండంచుల వెంబడి వాడి ముండ్లు దాల్చి, నడుమ ముదురుపచ్చగను అంచులకడ మీగడవన్నె తెలుపుగను ఉండును. వెలుతురు సమృద్ధిగా సోకిన కాలమున ఆ తెలుపుమీద గులాబివన్నె యొకటి ముండ్ల మొదళ్లనుండి బయలుదేఱి మెల్లమెల్లగా ప్రాకును. చూపునకింపైన మొక్కలు లోకమున ననేకములు గలవు. కాని ఆ తెల్లని అంచు ఏ ఆధారముమీద నిలిచియున్నదో తెలిసికొన్న పిదప, ఈ మొక్కను విడిచి యుండలేనంత మక్కువ నాకు కలిగినది.

అమెరికా నర్సరీలలో వేరిగేటెడ్ పైనాపిల్ అని చీటి కట్టి అమ్మునవి నిజమునకు రెండు విధములు. ఒకటి మనము తిను అనాసయొక్క చారల రూపము, అననాస్ కొమోసస్ వేరిగేటస్. రెండవది అననాస్ బ్రాక్టియేటస్ లోని ట్రైకలర్, ఎఱ్ఱని పొలుసులతో చిన్ని పండు కాయునది. 2003లో కాపెన్స్ డెకెన్‌బ్రూగ్, లీల్ అను శాస్త్రజ్ఞులు అననాస్ ప్రజాతిని పునర్విభజన చేసి రెండవదానిని గూడ మొదటిదాని ఉపభేదముగనే పరిగణించిరి గనుక, వీనిని అక్కచెల్లెండ్రనుట శాస్త్రసమ్మతమే. నా యింట నున్నది మొదటి విధము.

మా అమ్మ పాలకొండవైపు పుట్టి పెరిగినది. అనాస ఆమెకు బాల్యపరిచితము. ఆమె తొలిసారి మా యింటికి వచ్చినపుడు ఈ కుండీ ముందు నిలిచి, "ఆకుకి తెగులు పట్టిందేమిరా, మందేమైనా కొట్టలేకపోయావా?" అని అడిగెను. అది తెగులు కాదనియు, పుట్టుకయే అట్టిదనియు, ఆ తెల్లభాగమున పత్రహరితము లేనందున తన ఆహారము తాను వండుకొనజాలదనియు నేను చెప్పగా, ఆమె కొంత తడవు ఊరకుండి, "అయితే ఆ తెల్లచారకి తిండి ఎవరు పెడతార్రా?" అన్నది.

ఇంతకంటె మంచి ప్రశ్నను ఈ మొక్కను గూర్చి నేను ఏ గ్రంథమునను చూడలేదు. సమాధానము సులభము: నడిమి పచ్చదనమే పెట్టును. సూర్యరశ్మిని పట్టి పంచదారగ మార్చు శ్రమయంతయు ఆకు మధ్యభాగము వహించును. అంచులు ఆ సంపాదనమీద జీవించును. అందుచేతనే ఈ మొక్క తన పచ్చని సోదరికంటె మందగతిని పెరుగును, ఆలస్యముగా కాచును, చిన్న పండునిచ్చును. మొక్కల చిగురుమొనయందు కణములు పొరలుపొరలుగా నమరియుండును. ఎప్పుడో ఒకనాడు ఒక పొరలోని కణమొకటి పత్రహరితమును నిర్మించు శక్తిని కోల్పోయినచో, దాని సంతానమంతయు తెల్లగను, ప్రక్కపొర సంతానము యథాపూర్వము పచ్చగను వృద్ధిపొందును. వేరొకటే, మొవ్వొకటే, దేహమొకటే. లోపలి వంశములు మాత్రము రెండు. ఇట్టి దేహమునకు 1907లో హాన్స్ వింక్లర్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు కైమీరా అని నామకరణము చేయగా, 1909లో ఎర్విన్ బౌర్ తెల్ల అంచుల పెలర్గోనియము మొక్కలను పరిశోధించి, పొరల అమరికయే ఆ అంచులకు కారణమని తేల్చెను.

దీనినుండి వెలువడు ఫలితము విలక్షణమైనది. విత్తనము ఏదో ఒక పొరనుండియే జనించును గనుక, రెండు వంశముల ఈ సహజీవనము విత్తనము ద్వారా సంక్రమింపదు. ప్రయోగశాలలో ఆకుమొదటి కణజాలమును సీసాలలో పెంచిచూచినచో కొన్ని మొక్కలు పూర్తిగా పచ్చగను, కొన్ని పూర్తిగా తెల్లగను, కొన్ని మాత్రమే చారలతోను పుట్టును. పూర్తిగా తెల్లనివి సీసాలోని పంచదారను పీల్చుచున్నంతకాలము బ్రతికి, మట్టిలో నాటినంతనే నశించును. కాబట్టి చారలు చారలుగా నిలువవలెనన్న, మొవ్వు చెదరకుండ తల్లినుండి విడదీసిన పిలకయో, పండుమీది కిరీటమో నాటవలెను, అందును చార సరిగా నున్నదానిని మనుష్యుడెవడైన కూర్చుండి ఏరవలెను. అడవి దీనిని కాపాడదు. అడవిలో ఇట్టి మొక్క పుట్టినను, అధికబలము గల పచ్చని పిలకలు కొన్ని తరములలో దానిని క్రమ్మివేయును. నేడు ఏ యింటి కిటికీలోనైనను చారల అనాస కనబడుచున్నదన్న, దాని వెనుక పిలకలను ఏరి, విడదీసి, మఱియొకరి చేతిలో నుంచినవారి పరంపర యొకటి తెగక నడచియున్నదన్నమాట. తెల్లచారకు పచ్చదనము తిండి పెట్టును. ఆ రెంటి కాపురమును మనుష్యుడు నిలుపును. మా అమ్మ ప్రశ్నకు నాటినుండి నేను వెదకికొన్న పూర్తి సమాధానమిది.

అనాసకును కుండీకిని గల సంబంధము నవీనమైనదని కొందఱు తలంతురు గాని, అది అక్బరు పాదుషా కాలమునాటికే మన దేశమున నెలకొనియున్నది. 1493 నవంబరులో గ్వాడలూపు ద్వీపమున కొలంబసు బృందమునకు కనబడిన ఈ దక్షిణామెరికా మొక్క, పోర్చుగీసు ఓడలమీద పదునాఱవ శతాబ్దిలోనే మన పడమటి తీరమును చేరెను. అబుల్ ఫజలు ఐనె అక్బరీయందు దీనిని ప్రయాణపు పనసగా పేర్కొని, లేత మొక్కను పాత్రలో నుంచి ప్రయాణములయందు వెంట గొనిపోయినను కాయునని వ్రాసియున్నాడు. జహంగీరు కాలమున ఆగ్రాలోని గులఫ్షాను తోటయందు ఏటేట వేలకొలది పండ్లు పండినట్లు ఆయన స్వీయచరిత్రవలన తెలియుచున్నది. శీతలదేశములవారు దీనికై గాజుటిండ్లు కట్టి, తోళ్లూనువారు పాఱవేసిన చెట్టుపట్ట కుళ్లునపుడు పుట్టు వేడిలో కుండీలను పాతి పెంచిరి. 1751లో బార్బడోసు ద్వీపమునకు పోయిన పందొమ్మిదేండ్ల జార్జి వాషింగ్టను అచటి పండ్లన్నిటిలో అనాసయే తన రుచికి మిన్నయని దినచర్యలో వ్రాసికొనెను.

అమెరికా నేలమీద అనాస కథ వైభవముకంటె నష్టమునే యెక్కువగా చెప్పును. ఫ్లారిడా దక్షిణాగ్రమున నున్న కీస్ ద్వీపములలో 1860లనుండియు, పిమ్మట తూర్పుతీరమున ఇండియన్ నదివెంట జెన్సెన్ మొదలగు చోట్లను తోటలు విస్తారముగా సాగైనవి. నదివెంటి తోటలు 1894-95 నాటి మంచుకు దగ్ధమైనవి. తేరుకొన్నవానిని అటుపిమ్మటి చలులును, క్యూబానుండి చౌకగా దిగిన పండ్లును, పీల్చివేయబడిన ఇసుకనేలలును క్రమముగా అంతమొందించెను. జెన్సెన్ ప్రాంతము ఒకప్పుడు ప్రపంచపు అనాస రాజధానియని పేరొందినది. నేడచట ఆ పేరు ఉత్సవములలో మిగిలినది. హవాయిలో 1901లో జేమ్స్ డోల్ నెలకొల్పిన సంస్థ 1922లో లనాయి ద్వీపమును దాదాపు సంపూర్ణముగ కొని, అనాసవనముగ మార్చెను. పండు డబ్బాలో నింపుటకు తగినట్లు ఒకే కొలతగా, ఒకే రంగుగా నుండవలెనను అట్టి వ్యవసాయమున చారల మొక్క యెట్లు నిలువగలదు? దానికి ఆశ్రయమిచ్చినవారు వేఱు. ఆర్లాండోలో నివసించిన మల్ఫర్డ్ ఫాస్టర్ అను తోటమాలి, చిత్రకారుడు, బ్రెజిలు అడవులు తిరిగి అనాస కుటుంబపు మొక్కలను సేకరించి, 1950లో స్థాపితమైన బ్రొమీలియడ్ సంఘమునకు తొలి అధ్యక్షుడాయెను. పండుతో నిమిత్తము లేక ఈ కుటుంబమును ప్రేమించుట ఈ దేశమున మర్యాదగల అభిరుచిగా పరిణమించుటకు అట్టివారి కృషియే కారణము. ఏకరూపముగ పండు పండించు లక్షల ఎకరములకంటె, ఒక్క వింత ఆకును కాపాడుకొని మిత్రునకు పంచు అట్టి పెరళ్లకే నా మనస్సు మొగ్గును.

నాకు లభించిన పిలక హ్యూస్టనువాసియైన యొక తెలుగు మిత్రుడిచ్చినది. పేర్లాండులోని మీనాక్షీ దేవాలయమునకు పోయి, తిరుగుదారిలో వారియింట భోజనము చేసి లేచునపుడు, కాగితములో చుట్టిన మట్టియంటని పిలక నొకదానిని ఆయన నా చేతిలో పెట్టెను. అనాసపిలక మట్టి లేకయే వారములు నిలువగలదు. కోసిన మొదలు ఆఱినకొలది మేలు.

నేను నివసించు ప్రాంతము నల్లరేగడి. కర్నూలు, గుంటూరు మండలముల పత్తిచేలను చూచినవారికి ఇచ్చటి నేల క్రొత్త కాదు; వానకు కాలికంటుకొనును, వేసవిలో చేయి దూఱునంత నెఱ్ఱెలు విచ్చును, ఒకప్పుడు పత్తికి ప్రసిద్ధి. మృత్తికాశాస్త్రమున రెండును ఒక వర్గమునకే చెందినవి. ఈ వర్గపు హ్యూస్టన్ బ్లాక్ టెక్సాసునకు రాష్ట్రమృత్తికగా గౌరవము పొందినది. కాని అనాసకు ఇట్టి నేల పనికిరాదు. దానికి నీరు నిలువని, ఆమ్లగుణము గల తేలిక నేల కావలెను. అందుచేత దేవదారు జాతి పట్టముక్కలు, గరుకు ఇసుక, పెర్లైటు కలిపి, వేళ్లకు పట్టునంత చిన్న కుండీలోనే నాటితిని. మా కుళాయినీరు సున్నపుపాలు గలది; ఇనుము మొక్కకందక ఆకులు వెలవెలబోవును. 1916లో మాక్స్‌వెల్ జాన్సన్ హవాయిలోని పాలిపోయిన అనాసతోటలకు ఇనుపలవణమగు అన్నభేది ద్రావణమును ఆకులమీద చల్లించి, వాడిన తోటలను మరల పచ్చబఱచెను. వేళ్లు గ్రహింపలేనిదానిని ఆకు గ్రహించునను ఆ యెఱుకమీదనే నేడును ఈ సేద్యము నడచుచున్నది. నేనును అతిపలుచని అన్నభేదినీటినే చల్లుదును. ఇచ్చటనే చారల అనాసను పెంచువాడు నేర్చుకొనవలసిన సూక్ష్మమున్నది. మొక్క ఆరోగ్యము తెల్లచారను చూచిన తెలియదు. అది ఆకలిగొన్నను తెల్లగనే యుండును. చూడవలసినది నడిమి పచ్చ. పచ్చ పసుపునకు తిరుగుచున్నదా, సన్నగిలుచున్నదా అని వారమునకొకసారి పరికించి, దానిని పోషించినచో, తెల్లచారకు వేఱుగా చేయవలసినదేమియు లేదు.

వెలుతురు విషయమున మాత్రము రెంటికిని సంధి కుదుర్చవలెను. పచ్చదనము ఎండను కోరును. గులాబివన్నెయు ఎండలోనే విచ్చును. కాని జూలై ఆగస్టు మాసములయందు టెక్సాసు అపరాహ్ణపు ఎండ తెల్లభాగమును మాడ్చివేయును. ఉదయపుటెండ నిచ్చి మధ్యాహ్నము నీడకు చేర్చుటయే నా పద్ధతి. నీటివిషయమున ఈ మొక్క సహనము అపారము. ఇతర వృక్షములు పెక్కు పగలు పత్రరంధ్రములు తెఱచియుంచగా, అనాస పగలు వానిని మూసికొని, తేమ వృథాకాని రాత్రివేళ తెఱచి, బొగ్గుపులుసు గాలిని లోనికి గొని, దానిని మాలిక్ ఆమ్లరూపమున ఆకులో దాచి, సూర్యోదయానంతరము ఆ నిలువనుండి ఆహారమును వండుకొనును. రాత్రియెల్ల కూడబెట్టుటచే అరుణోదయమున దాని ఆకు మిక్కిలి పుల్లగను, సాయంకాలమునకు చప్పగను ఉండును. నడిమి దొన్నెలో నీరు నిలిపిన, ఆకుమొదళ్లయందలి పొలుసులు దానిని నేరుగా పీల్చికొనును.

2021 ఫిబ్రవరి నెలలో వచ్చిన శీతోపద్రవమును ఈ రాష్ట్రవాసులెవ్వరును మఱవజాలరు. 16వ తేదీని డాలసులో శీతము సున్నకు దిగువ 19 సెల్సియసు డిగ్రీలకు దిగెను. విద్యుత్తు పోయి లక్షలాది గృహములు చీకటిలోను చలిలోను మునిగెను. మా యింటను విద్యుత్తు లేదు. పిల్లలను, పెద్దలను ఒక గదిలో చేర్చి, కరివేపాకు, మల్లె, అనాస కుండీలను గూడ ఆ గదిలోనికే తెచ్చి, కంబళ్లు కప్పితిమి. చలి తగ్గినపిదప చూడగా వెలుపలి ఆకులలో తెల్లని అంచులు ముందు గోధుమవన్నెకు తిరిగి ముడుచుకొనినవి, పచ్చభాగము కొంత నిలిచినది, మొవ్వు బ్రతికినది. ఆ సంవత్సరమంతయు మొక్క మాడిన అంచులతోనే నిలిచి, ఆకువెంట ఆకుగ మొవ్వునుండి మఱల చారలను వెలువరించినది.

పుష్పించు కాలము మొక్క యిష్టము. చారలదానికి మూడేండ్లు పట్టుట సామాన్యము. మొవ్వునడుమ ఎఱ్ఱదనము తోచి, పిమ్మట ఊదారంగు పూలు క్రిందినుండి మీదికి, ఒక్కొక్కటి ఒక్క దినము మాత్రమే విచ్చి ముడుచుకొనును. నూఱింటిని మించిన ఆ పూలన్నియు ఏకమై ఒకే పండగును. 1874 ప్రాంతమున అజోర్సు ద్వీపముల గాజుటిండ్లలో పొగ సోకిన అనాసలు పొగవలననే పూచుట తోటమాలులు గమనించిరి. పొగలోని ఇథిలీను అందులకు కారణమని 1932లో ప్యూర్టోరికోలో రోడ్రిగ్జు వెల్లడించెను. అరటిగెలలకు పొగబెట్టి మాగవేయు మన రైతులెఱిగినదియు ఆ వాయువు మహిమయే. ఇచ్చట దొడ్లలో పెంచువారు మాగిన ఆపిలు పండును మొక్కకడనుంచి సంచి కప్పుదురు. నేనెన్నడును తొందరపెట్టలేదు, ఆకుకొఱకు పెంచు మొక్కకు పూతను నిర్బంధించుట నాకు నచ్చదు.

పండు పుట్టినపిదప దాని కన్నులను లెక్కించుటలో నొక ఆనందమున్నది. అవి మూడు దిక్కుల మెలికలుగా ఎనిమిది, పదుమూడు, ఇరువదియొకటి వరుసలలో అమరియుండును. ఈ సంఖ్యలకు పాశ్చాత్యులు 1202లో గ్రంథము రచించిన ఫిబొనాచ్చి పేరిడిరి గాని, మన ఛందోవేత్తలైన విరహాంకుడు, హేమచంద్రుడు అంతకు పూర్వమే లఘుగురువుల గణనలో వానిని సాధించిరి. కందపద్యము చదువుకొన్నవారికి దీని ఆరంభము కంఠస్థమే: నాలుగు మాత్రలను గగ, భ, జ, స, నల అని అయిదు విధముల మాత్రమే అమర్పవచ్చును. అయిదు మాత్రలను ఎనిమిది విధముల, ఆఱింటిని పదుమూడు విధముల, ఏడింటిని ఇరువదియొక్క విధముల. టెక్సాసులోని కిటికీకడ ముండ్లమొక్క నడుమ కందపద్యపు గణితము కనబడినపుడు నాకు కలిగిన సంతోషమును వర్ణింపలేను.

పండు పండినపిదప తల్లి క్రమముగా క్షీణించి పోవును. మొదలికడ పుట్టిన పిలకలే దాని శేషము. అన్నియు ఒక తీరున నుండవు. కొన్ని తల్లివలె చారలతో, కొన్ని కేవల హరితవర్ణముతో, ఎప్పుడైన నొకటి పూర్తిగా తెల్లగా పుట్టును. తెల్లనిది తల్లినంటియున్నంతవఱకే జీవించును. దానిని విడదీయను, తల్లితోడనే యుండనిత్తును. పచ్చనిది అన్నిటికంటె బలిష్ఠము. దానిని అట్లే వదలిన, తక్కినవానిని అణచి, రెండేండ్లలో కుండీ నంతయు ఆక్రమించును; గ్రంథములు దానిని వెంటనే కోసి పాఱవేయుమని బోధించును. బలవంతమైనదానిని తొలగించి దుర్బలమైనదానిని నిలుపుట ప్రకృతివిరుద్ధము కాదాయని విచారించితిని. విరుద్ధమే. కాని వడ్లగింజ రాలక వెన్నుకంటియుండునట్లు ఏరినవారు, కఱివేపను కొండలనుండి పెరటికి తెచ్చినవారు, గంగిరెద్దును ప్రేమతో సాకినవారు ప్రకృతి తానుగా నిలుపనిదానిని తమ చేతులతో నిలిపినవారే. మనుష్యుడు తాను మెచ్చినదానికి పూచీపడుట లజ్జింపవలసినది కాదని నా నమ్మకము. అయినను పచ్చపిలకను పాఱవేయుటకు నాకు చేయి రాదు. అది చారలకు ఇన్నాళ్లు తిండిపెట్టిన వంశము. దానిని వేఱు కుండీలో నాటి, వసారా చివర ఎండపట్టున నుంచుదును. అది శీఘ్రముగ పెరిగి, పండుకొఱకు పెంచదగినదై, అడిగినవారి పిల్లలకు చేరును.

పిలకలు పంచునపుడు నాకు రెండు నియమములు గలవు. రాష్ట్రము దాటించుటకు మొక్కలను గూర్చిన నిబంధనలు వేర్వేఱుగా నుండును గనుక వానిని విచారింపక పంపను. నిమ్మజాతి తెగులును మోయు పురుగునకు కరివేపమొక్క ఆశ్రయమగుటచే దానిని పంచుకొనుటయందు మనవారు పడు ఇక్కట్లు నేనెఱుగుదును. రెండవది, పుచ్చుకొనువారికి పచ్చభాగమును కనిపెట్టుమని చెప్పనిదే చేతిలో పెట్టను.

2024 జూలైలో బెరిల్ తుపాను హ్యూస్టనును తాకినపుడు, నాకు తొలిపిలక నిచ్చిన మిత్రుని పెరటిలో చెట్టు కూలి, ఆయన చారల మొక్క కుండీతోగూడ నుగ్గైనది. వెలుపల నాటిన పచ్చనివి మాత్రము మిగిలినవి. ఇప్పుడు నా మొక్క మొదలికడ రెండు పిలకలు చక్కని చారలతో లేచియున్నవి. "ఎప్పుడిస్తారండీ?" అని ఆయన ఫోనులో అడుగుచుండును. "మూరెడైనా పెరగనీయండి, వేసవి ఎండలు తగ్గాక నేనే తెచ్చి ఇస్తాను" అని చెప్పియున్నాను. రెంటిలో అంచు వెడల్పుగా నున్నది చూపునకు ముచ్చటయైనది. కాని నడుమ పచ్చ వెడల్పుగా నున్నదానినే ఆయనకు ఇచ్చుటకు నిశ్చయించితిని.